కొండ యాత్రకు కెమెరా, బ్యాటరీలు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంక్రాంతి పోయాక మన సంఘం తలపెట్టిన రెండు రోజుల యాత్ర సంగతి మీకందరికీ తెలిసిందే. మొదటి రోజు ఆత్మకూరు మీదుగా సోమశిల వెళ్ళి పెన్న మీది ఆనకట్ట, జలాశయం చూసి రాత్రికి ఉదయగిరి చేరటం. మర్నాడు తెల్లవారుతూనే దుర్గం ఎక్కి చీకటి పడకముందే దిగటం. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపానులు. శివరాత్రి దాటితే ఎండలు. కాబట్టి కొండ ఎక్కటానికి ఈ మధ్యకాలమే మంచిది. ఎవరి సంచి వారే వీపున మోసుకోవాలి. తాగే నీళ్ళే మనిషికి రెండు లీటర్లు, అంటే రెండు కిలోల బరువు. ఆపైన మందులు, టవలు, పులిహోర పొట్లం. వీటి మధ్యలో కెమెరా ఎక్కడ పెట్టాలి, ఏ కెమెరా పెట్టాలి, దానికి బ్యాటరీలు ఎన్ని అన్నది ఈ రోజు నాకు అప్పగించిన అంశం.

నేను ఫొటోగ్రాఫర్ని కాను. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు నడిపిన గుమాస్తాని. ఉద్యోగంలో చేరిన కొత్తలో అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఒకటి కొనుక్కొని, అప్పటి నుంచి ఈ పిచ్చి తగిలించుకున్నవాణ్ణి. ఆ కెమెరాలో ఫిల్ము చుట్ట వేస్తే పన్నెండు ఫొటోలు వచ్చేవి. దానికి బ్యాటరీ అనేదే అక్కర్లేదు. బ్యాటరీ బెంగ మనకు డిజిటల్ కెమెరాలతో పట్టుకుంది.

"చేతిలో ఫోను ఉండగా కెమెరా ఎందుకండీ?" అని ఇక్కడున్న వాళ్ళలో సగం మంది అనుకుంటున్నారని నాకు తెలుసు. న్యాయమైన ప్రశ్నే. లోకం కూడా అలాగే అనుకుంటోంది. జపాను కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి బయటికి పోతే, 2023లో 80 లక్షలు కూడా పోలేదు. ఇప్పటి మంచి ఫోను తీసే ఫొటో చిన్న కెమెరా ఫొటోకు తీసిపోదు. దీపాల వెలుగులో అయితే ఫోనే మేలు. ఇది ఒప్పుకోకుండా కెమెరా కొనండని చెప్పటం అన్యాయం. అయినా కొండకు పోయేటప్పుడు వేరే కెమెరా ఉండాలని నేను పట్టుబట్టటానికి కారణం వేరు.

పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో మన సభ్యులు ఐదుగురు ఉదయగిరి కొండ ఎక్కారు. నేను కింద ఊళ్ళోనే ఉండి, దిగివచ్చేవారికి భోజనం ఏర్పాట్లు చూస్తున్నాను. మూడు గంటలకు దిగుతామన్నారు. నాలుగైంది, రాలేదు. ఫోను చేస్తే స్విచ్ ఆఫ్. రెండో ఆయనకు చేశాను, స్విచ్ ఆఫ్. ఐదు నంబర్లూ అంతే. ఈలోగా వారిలో ఒకరి భార్య నెల్లూరు నుంచి నాకు ఫోను మీద ఫోను. "అన్నయ్యా, ఆయన షుగరు మాత్ర వేసుకున్నారో లేదో అడుగుదామంటే ఫోను కలవటం లేదు" అని. "కొండ మీద సిగ్నల్ ఉండదమ్మా, కంగారు పడవద్దు" అన్నానే గాని నా గుండె నా అధీనంలో లేదు. ఐదు దాటాక తెలియని నంబరు నుంచి ఫోను. మాట్లాడింది మనవాడే. ఒకాయనకు మోకాలు పట్టేసి సగం దారిలో కూలబడ్డాడు. మేకలు తోలుకొని దిగుతున్న ఒక కాపరి "ఏంది పెద్దాయనా, ఈడ కూర్చున్నారు, పొద్దు పోతా ఉంటే?" అని పలకరించి తన ఫోను ఇచ్చాడు. అది బొత్తాల ఫోను. మొన్నెప్పుడో ఛార్జింగు పెట్టిందట. ఊళ్ళో కుర్రవాళ్ళు నలుగురు టార్చిలైట్లు తీసుకొని పోయి, ఆయన్ను భుజాల మీద దింపుకొచ్చేసరికి రాత్రి ఎనిమిది.

ఐదు ఫోన్లు ఎందుకు ఆరిపోయాయి? పొద్దున బస్సు ఎక్కిన దగ్గర్నుంచి ఫొటోలు, వీడియోలు, వాటిని వెంటనే వాట్సాప్‌లో పంపటాలు. దానికి తోడు కొండల్లో టవరు అందనప్పుడు ఫోను ఊరకే ఉండదు. టవరు కోసం వెతుక్కుంటూనే ఉంటుంది, ఆ వెతుకులాటకే బ్యాటరీ కరిగిపోతుంది. జేబులో పెట్టుకొని ముట్టుకోకపోయినా సాయంత్రానికి సగానికి దిగుతుంది. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 నుంచి ఉంది, 112 నంబరూ ఉంది. చేతిలో ఫోను బతికి ఉంటేనే అవి మనకు ఉన్నట్టు లెక్క.

అందువల్ల నా ప్రతిపాదన ఇది. కొండ మీద ఫోను మాట్లాడటానికే. ఎక్కేటప్పుడు విమానం గుర్తు నొక్కి సంచిలో పెట్టండి. గంటకోసారి తీసి చూసుకోండి. ఫొటోలకు వేరే కెమెరా, దానికి వేరే బ్యాటరీ. జీతం డబ్బులూ పీఎఫ్ డబ్బులూ ఒకే జేబులో పెట్టుకొని తిరిగినవాడు ఎవడైనా బాగుపడ్డాడా!

ఇక కెమెరా. కొత్తది కొనాల్సిన పని చాలామందికి లేదు. 2005, 2015 సంవత్సరాల మధ్య పెళ్ళిళ్ళకు, అమెరికా ప్రయాణాలకు మన పిల్లలు కొన్న చిన్న డిజిటల్ కెమెరాలు బీరువాల్లో పడి ఉన్నాయి. ముందు వాటిని బయటికి తీయండి. సెల్లు పెట్టే అర తెరిచి చూడండి. తెల్లటి పొడి కనబడితే లోపల మరచిపోయిన ఆల్కలైన్ సెల్లు కారిందన్న మాట. అది క్షారం. చేతికి అంటకుండా, చెవిలో దూది పుల్లకు ఒక చుక్క వెనిగరో నిమ్మరసమో తడిపి తుడిచి, ఆరాక వేరే సెల్లు వేసి చూడండి. చాలావరకు పనిచేస్తుంది. మెమరీ కార్డు విషయంలో ఒక చిక్కు ఉంది. 2006కు ముందు వచ్చిన కెమెరాలు 2 జీబీ మించిన కార్డును తీసుకోవు. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు వచ్చినవి 32 జీబీ దాకా తీసుకుంటాయి. కార్డు చదవటం లేదని కెమెరాను పారేసినవారిని నేను చూశాను. తప్పు కెమెరాది కాదు, కార్డు పెద్దదైంది, అంతే. 32 జీబీ కార్డులో 16 మెగాపిక్సెల్ ఫొటోలు సుమారు ఐదువేలు పడతాయి. మనకు అంతకన్నా ఎందుకు?

కొనేవారికి రెండు మాటలు. కొట్టువాడు మెగాపిక్సెల్స్ లెక్క చదువుతాడు. వినండి, నమస్కారం పెట్టండి. ఫొటోను ఆల్బమ్ సైజులో కడిగించుకునేవారికి పది మెగాపిక్సెల్స్ ధారాళంగా చాలు. జూమ్ అంటే ఆప్టికల్ జూమ్ ఎంతో అడగండి. డిజిటల్ జూమ్ అనేది ఫొటోను కత్తిరించి పెద్దది చేయటమే, ఆ పని ఇంట్లో కూర్చొని కూడా చేసుకోవచ్చు. మన చేతులు వణికే చేతులు కాబట్టి వణుకును సర్దే ఏర్పాటు లెన్సులో ఉందా అని అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, కళ్ళజోడు పెట్టుకొని కొట్టు బయటికి, ఎండలోకి తీసుకొచ్చి చూడండి. లోపల ధగధగలాడిన తెర ఎండలో నల్లపలకలా అయిపోతుంది. బొత్తాలు మన బొటనవేలికి అందుతున్నాయా, ఒకటి నొక్కబోతే రెండు నొక్కుకుంటున్నాయా చూడండి. బరువు బ్యాటరీతో కలిపి మూడు వందల గ్రాములు మించకపోతే మెడలో వేసుకున్నా బాధ ఉండదు. పెద్ద లెన్సుల కెమెరాలు కిలో పైమాటే. వాటి ఫొటోలు దివ్యంగా ఉంటాయి, కాదనను. మోసేది మనవడైతే సరే.

బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి కెమెరాలు రెండు జాతులు. ఒక జాతికి ఆ కంపెనీ బిళ్ళ బ్యాటరీయే పట్టాలి. అది లిథియం అయాన్ రకం. తేలిక, శక్తి ఎక్కువ. ఇప్పుడు వచ్చే కొత్త కెమెరాల్లో దాదాపు అన్నీ ఇవే. అయితే అది అయిపోయిందంటే ఉదయగిరి బజారంతా తిరిగినా దొరకదు. రెండో జాతి మన గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లుతో నడిచేవి. అట్ట మీద ఏఏ అని రాసి ఉంటుంది. ఇవి తగ్గిపోయాయి. కోడాక్ పేరుతో వచ్చే ఎఫ్‌జెడ్ 45 వంటివి ఒకటీ అరా మిగిలాయి. ఆ కోడాక్ కంపెనీ 2012లోనే దివాలా పిటిషను వేసి కెమెరాలు చేయటం మానుకుంది, పేరు మాత్రం వేరేవారు అద్దెకు తీసుకొని వాడుకుంటున్నారు. మొట్టమొదటి డిజిటల్ కెమెరా పుట్టింది కూడా కోడాక్‌లోనే. 1975లో స్టీవెన్ శాసన్ అనే యువ ఇంజనీరు చేశాడు. బరువు మూడున్నర కిలోల పైన. ఒక్క ఫొటో క్యాసెట్టు టేపు మీద ఎక్కటానికి 23 సెకన్లు. దానికి వేసిన బ్యాటరీలు పదహారు! మనకు రెండు చాలుతున్నాయంటే సంతోషించాలి.

మన జిల్లాకు బ్యాటరీ కొత్తది కాదు. నిప్పో బ్యాటరీల ఫ్యాక్టరీ 1970ల నాడే మన జిల్లాలో పెట్టారు. ఆ రోజుల్లో టార్చిలైటుకు, ట్రాన్సిస్టరుకు వేసినవి జింక్ కార్బన్ రకం. ఏ కంపెనీదైనా సరే, ఆ రకం సెల్లు నిదానంగా కొంచెం కొంచెం ఇవ్వటానికి పుట్టింది. గడియారంలో వేస్తే ఏడాది నడుస్తుంది. కెమెరా అలా కాదు, లెన్సు ముందుకు రావటానికి, ఫ్లాష్ వెలగటానికి ఒక్కసారిగా పెద్ద దమ్ము లాగుతుంది. ఆ దమ్ముకు గడియారం సెల్లు ఐదారు ఫొటోలకే చేతులెత్తేస్తుంది. సెల్లు పాడైందని కాదు, పనికి తగినది కాదు.

ఆల్కలైన్ సెల్లు అంతకన్నా బలమైనది. చిన్న ఊళ్ళల్లోనూ దొరుకుతుంది. అవసరానికి ఆదుకుంటుంది గాని ఖర్చు ఎక్కువ, ఒకసారి వాడి పారేయాల్సిందే.

నా మాట వింటే మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు కొనండి. పొట్లం మీద ఎన్‌ఐఎంహెచ్ అని, 2000 ఎంఏహెచ్ అని రాసి ఉంటుంది. ఆల్కలైన్‌ది 1.5 వోల్టులు, దీనిది 1.2 మాత్రమే. తక్కువ కదా అని అనుమానపడవద్దు. ఆల్కలైన్ వోల్టేజి వాడేకొద్దీ మెట్లు దిగుతూ పోతుంది. ఇది చివరిదాకా దాదాపు అదే మట్టంలో నిలబడి, చివర్న దబ్బున పడుతుంది. పెద్ద దమ్ముకు తట్టుకుంటుంది. వందల సార్లు ఛార్జి చేయవచ్చు. కొన్ని కెమెరాల్లో ఏ రకం సెల్లు వేశారో మెనూలో చెప్పాలి. చెప్పకపోతే నిండు సెల్లును కూడా ఖాళీ అని చూపిస్తుంది.

ఈ రకానికి పూర్వం ఒక జబ్బు ఉండేది. ఛార్జి చేసి పెట్టినా నెల తిరిగేసరికి నాలుగోవంతు దానంతటదే ఆవిరైపోయేది. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ అనే పేరుతో ఆ జబ్బు లేని సెల్లు తెచ్చింది. ఇప్పుడది పానసోనిక్ పేరు మీద వస్తోంది. ఇతర కంపెనీలూ అదే తరహావి చేస్తున్నాయి. ఏడాది పెట్టెలో ఉంచినా ఎక్కువ భాగం నిలిచే ఉంటుంది. ఎంఏహెచ్ అంకె చూసి 2700, 2800 అన్నవాటికి ఎగబడకండి. 2000 అని రాసిన ఈ నిలకడ సెల్లే మనబోటి అప్పుడప్పుడు వాడేవారికి మేలు. ఛార్జరు కొనేటప్పుడు ఒక్కో సెల్లును విడివిడిగా చూసుకొని నిండగానే ఆపేసేది కొనండి. రాత్రంతా ఉడకబెట్టే చవక ఛార్జరు సెల్లు ఆయుష్షు తినేస్తుంది.

మూడో రకం ఒకటుంది, పెన్సిల్ సెల్లు సైజులోనే వచ్చే లిథియం సెల్లు. ఛార్జి చేసేది కాదు. దాన్ని పొరపాటున కూడా ఛార్జరులో పెట్టకూడదు. సుమారు 15 గ్రాములే. ఆల్కలైన్ 23, హైడ్రైడ్ 27 దాకా తూగుతాయి. చలిలో కూడా పనిచేస్తుంది. ఉదయగిరికి దాని అవసరం లేదు. కేదారనాథ్, ముక్తినాథ్ వెళ్ళే వారికి చెబుతున్నాను. మంచు ప్రదేశాల్లో మామూలు బ్యాటరీ నిండుగా ఉన్నా చచ్చినట్టు పడి ఉంటుంది. చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచితే, వెచ్చబడ్డాక మళ్ళీ ప్రాణం వస్తుంది. విమానంలో వెళ్ళేవారు విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే పెట్టుకోవాలి. లగేజిలో వేస్తే విమానాశ్రయంలో పెట్టె విప్పిస్తారు.

ఎన్ని తీసుకెళ్ళాలి? కెమెరా అట్టపెట్టె మీద ఒక ఛార్జికి ఇన్ని ఫొటోలు అని అంకె ఉంటుంది. అది సగం ఫొటోలకు ఫ్లాష్ వెలిగించి లెక్క కట్టిన అంకె. పగటిపూట ఫ్లాష్ ఆపి తీస్తే ఎక్కువే రావాలి. కాని మన అలవాట్లు కూడా కలుపుకోవాలి గదా! ఒక ఫొటో తీయటం, ముగ్గురికి తెర మీద చూపించటం, లెన్సును ఊరకే ముందుకూ వెనక్కూ నడపటం. నా లెక్క అయితే ఆ అంకెలో మూడోవంతు కొట్టేయండి. రెండు రోజులకు మూడు వందల ఫొటోలు అనుకుంటే రెండు సెల్లుల కెమెరాకు మూడు జతలు. ఒకటి కెమెరాలో, రెండు డబ్బాలో. బిళ్ళ బ్యాటరీ అయితే ఒకటి అదనం. జతలకు స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని నంబరు వేసి, కొన్న నెల రాయండి. ఒక జతలోవి ఇంకో జతతో కలపకూడదు. నిండుదీ ఖాళీదీ కలిపి వేస్తే ఖాళీది చెడుతుంది. వాడిన జతను డబ్బాలో తలకిందులుగా పెడితే చీకట్లో కూడా తెలుస్తుంది. మనం తపాలు చూసేటప్పుడు అయిన కాగితం బోర్లా పెట్టేవాళ్ళం, అదే పద్ధతి. విడి సెల్లును తాళంచెవులు, చిల్లరతో కలిపి జేబులో వేయకండి. రెండు కొసలకూ లోహం తగిలితే జేబు కాలుతుంది.

ఫోను కోసం పది వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఇద్దరికొకటి చాలు. పది వేలు అని రాసినా ఫోనుకు చేరేది ఆరు వేల చిల్లరే. లోపలి వోల్టేజిని 5 వోల్టులకు పెంచటంలో అంత పోతుంది. అది మోసం కాదు, లెక్క. బీఐఎస్ గుర్తు ఉన్నదే కొనండి. ఎండలో నిలబెట్టిన కారులో ఏ బ్యాటరీనీ వదలకండి.

ఇంత తయారీ దేనికంటే, దుర్గంలో తీయవలసినవి ఉన్నాయి. మూడు వేల అడుగులకు పైబడ్డ కొండ. 1513లో కృష్ణదేవరాయలు ముట్టడి మొదలుపెట్టి 1514లో గజపతుల నుంచి తీసుకున్న కోట. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. రాయలవారు విగ్రహం తీసుకుపోయారు, మనం ఫొటోలతో సరిపెట్టుకుందాం. పైన గుడులూ ఉన్నాయి, మసీదూ ఉంది. చెట్లు మొలిచి గోడలు ఏటికేడు విడిపోతున్నాయి. శాసనాల సంగతి మరీ ముఖ్యం. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు అధికారులు నెల్లూరు జిల్లా శాసనాలను తాలూకాల వారీగా మూడు సంపుటాలు అచ్చువేశారు. అందులో మన ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాలూ ఉన్నాయి. వారు చూసిన అక్షరాల్లో ఈనాడు ఎన్ని మిగిలాయో ఒక్కో రాయి దగ్గర నిలబడి ఫొటో తీస్తే తెలుస్తుంది.

శాసనం తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేయండి. ఎదురుగా వెలుగు పడితే అక్షరం గుంట చదునైపోయి రాయి బోడిగా కనిపిస్తుంది. పొద్దున, సాయంత్రం ఏటవాలు వెలుగులో తీయాలి. నీడలో ఉన్న రాయి అయితే ఒకరు పక్కనుంచి టార్చిలైటు వేస్తే అక్షరాలు లేచి నిలబడతాయి. సుద్దముక్కతో దిద్దవద్దు. పక్కన ఒక స్కేలు పెట్టి ఒక ఫొటో, పెట్టకుండా ఒకటి. గోపురం మీదికి, లోయ మీదికి ఫ్లాష్ కొట్టటం దండగ. దాని వెలుగు మూడు నాలుగు గజాలు దాటదు, బ్యాటరీ మాత్రం తినేస్తుంది. ఊళ్ళో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవారి ఇళ్ళకు వెళదాం. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ళను అడిగి తీయండి, తర్వాత ఒక ప్రింటు పంపండి.

బయల్దేరే ముందు కెమెరాలో తేదీ సరిచేయండి. ఏళ్ళ తరబడి సెల్లు లేకుండా ఉన్న కెమెరా, అది పుట్టిన సంవత్సరానికి వెళ్ళిపోతుంది. తేదీ తప్పిన కాగితానికి విలువెంతో మీకు నేను చెప్పాలా! తిరిగి వచ్చాక కార్డులోవి కంప్యూటరులో ఒక చోట, పెన్ డ్రైవులో ఒక చోట పెట్టి, యాభై ఎంచి కడిగించండి. వెనకాల పేర్లు రాయండి. అయిపోయిన సెల్లు ఒక్కటి కూడా కొండ మీద పారేయరాదు, మంటలో వేయరాదు. కార్యదర్శిగారి దగ్గర ఒక డబ్బా పెడుతున్నాం, అందులో వేస్తే నెల్లూరులో పాత బ్యాటరీలు తీసుకునే చోట అప్పగిస్తాం.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఇదే హాలులో మీ ఇంట్లోని పాత కెమెరాలు, ఛార్జర్లు, సెల్లు పట్టుకురండి. నా దగ్గర సెల్లు పరీక్షించే మీటరు ఉంది. ఏ కెమెరా నడుస్తుందో, ఏది నడవదో అక్కడే తేలుద్దాం. యాత్రకు వచ్చేవారు పేరుతో పాటు ఇంట్లో ఒకరి ఫోను నంబరు కూడా కార్యదర్శిగారి రిజిస్టరులో రాయించాలి. ఉదయగిరిలో కింద ఉండే వారి నంబరు మీ అందరికీ కాగితం మీద రాసి ఇస్తాము. ఫోనులో కాదు, కాగితం మీద.